చిమ్నీ బావగారు

అమెరికాలో పాత ఇల్లు కొన్న తెలుగువాళ్ళలో ఈ బాపతు మనిషి ఒకడు తప్పకుండా ఉంటాడు. వారమంతా సాఫ్ట్‌వేరు, శనివారం తాపీ మేస్త్రీ. కొందరు పెరట్లో డెక్కు కడతారు, కొందరు బేస్‌మెంటులో పలకలు పరుస్తారు. మా అక్క అదృష్టం కొద్దీ మా బావగారికి చిమ్నీ పిచ్చి పట్టింది.

బోస్టన్ దగ్గర ఆయన కొన్న ఇంటికి ఇటుక చిమ్నీ ఒకటుంది. అది కప్పును చీల్చుకుని పైకి లేచే చోట నాలుగు వైపులా సందే. నీళ్ళు దిగకుండా అక్కడ చుట్టూ రేకు కట్టాలి. దాన్ని ఫ్లాషింగ్ అంటారు. ముందు పిలిచిన కాంట్రాక్టరు ఆ సందంతా నల్లటి తారు పులిమి, చెక్కు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. మంచు కరిగేసరికి పడకగది సీలింగు మీద టీ రంగు మరక. "పులమడం కూడా ఒక పనేనా?" అన్నారు బావగారు. అంతే, అక్కకి శనివారాలు పోయాయి.

రేకంటే ఆయన దృష్టిలో రాగి రేకే. చదరపు అడుగుకి 16 ఔన్సులు తూగాలి, మందం అర మిల్లీమీటరు పైచిలుకు. అల్యూమినియం చాలదా అన్నానొకసారి. తడి సిమెంటు దాన్ని తినేస్తుందని అరగంట చెప్పారు. మేకులు కూడా రాగివే కావాలి, ఇనుప మేకు రాగి పక్కన ఉంటే త్వరగా తుప్పు పడుతుందట. వాళ్ళమ్మగారు ఒకప్పుడు రాగి బిందెలన్నీ పాతసామాన్లవాడికి వేసి స్టీలు కొన్నారు. ఆ నష్టం ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు. రేకుల బిల్లు చూసిన ప్రతిసారీ, "అమ్మ ఆ బిందెలు ఉంచి ఉంటే" అంటారు. బిందెలతో చిమ్నీ ఎలా కడతారో అడగలేదు.

టంకం వేసేటప్పుడు మాత్రం ఆయన్ని చూడాల్సిందే. రేడియో రిపేరు షాపులో ఉండే పెన్నులాంటి సోల్డరింగ్ ఐరన్ కాదది. కడ్డీ చివర రాగి దిమ్మ, చేతికి బరువు తెలుస్తుంది. అలాంటివి రెండు. ఒకటి చేతిలో ఉంటే రెండోది పొయ్యి మీద కాగుతుంటుంది. దిమ్మని నవాసారం గడ్డ మీద రుద్దగానే తెల్లటి పొగ లేస్తుంది. రేకు అంచులకు ముందే అంగుళమున్నర మేర తగరం పూత పూసి ఉంచుతారు. మన వీధుల్లో గంగాళాలకు కళాయి వేసేవాళ్ళు చేసిందీ ఇదేనని ప్రతిసారీ గుర్తు చేస్తారు. తర్వాత అంచు మీద అంచు వేసి, దిమ్మని వెడల్పుగా ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడతారు. సీసం, తగరం సగం సగం కలిసిన టంకం 183 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలెడుతుంది. రేకు లోపలి దాకా వేడెక్కిన క్షణాన, పైన ఉన్న టంకం ఒక్కసారి తళుక్కుమని అతుకులోకి జారిపోతుంది. "చూశావా! టంకం వేడి ఎటుంటే అటు పోతుందోయ్. తొందరపడి లాగావంటే పైపైన కూర్చుంటుంది, లోపలంతా డొల్ల" అంటారు. ఆ మాట ఎక్కడ నమ్మమోనని, అంత అందంగా అతికిన నమూనా ముక్కని కత్తెరతో కోసి, విప్పి చూపిస్తారు. గ్యాసు మంటతో అతికేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట. అంత పలచని రేకు వంకర్లు పోతుందనీ, కిందున్న చెక్క అంటుకుంటుందనీ చెబుతారు.

పని అయ్యాక, టంకం పట్టేందుకు పూసిన ఫ్లక్సు పోయేలా వంటసోడా నీళ్ళతో అతుకులన్నీ కడుగుతారు. అక్క ఆయన చేతుల్ని గరాజు కుళాయి దగ్గరే కడిగిస్తుంది. సీసం ముట్టుకున్న చెయ్యి అన్నంలో పెట్టనివ్వదు. ఆ ఇంట్లో ఆయన మారుమాట్లాడకుండా పాటించే నియమం ఇదొక్కటే.

ఎవరింటికి సత్యనారాయణ వ్రతానికి పిలిచినా, గుమ్మం ఎక్కకముందే తల పైకెత్తి చిమ్నీ చూస్తారు. తారు కనబడితే ప్రసాదం రుచించదు. చుట్టాలను లిబర్టీ విగ్రహం దగ్గరికి తీసుకెళ్తే, అందరూ ఫొటోలు దిగుతుంటే, ఆ రాగి రేకు మందం 2.4 మిల్లీమీటర్లనీ, 1886 నుంచి నిలబడిందంటే రేకు కదలడానికి లోపలి ఇనుప చట్రంలో చోటుంచడం వల్లేననీ ఉపన్యాసం. పదడుగుల రాగి రేకు చలికాలపు మైనస్ 15 నుంచి ఎండలో 60 డిగ్రీలకు వస్తే దాదాపు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. సాగే చోటివ్వకుండా వరసగా అతికేస్తే అతుకే చీలుతుంది. ఈ లెక్క మా పిన్నికి కూడా కంఠతా వచ్చేసింది.

తిరుమలలో ఇంకా ఘోరం. విమాన వేంకటేశ్వరుడికి అందరం చేతులు జోడించాం. ఆయన ఆనంద నిలయం వైపు కళ్ళార్పకుండా చూస్తుంటే, భక్తి కుదిరిందనుకున్నాను. నా చెవి దగ్గరికి వంగి, "బంగారం కింద రాగి రేకులే కదా, అతుకులెలా వేశారంటావ్?" అన్నారు. అక్క గిల్లింది. నిజం చెప్పొద్దూ, అక్కడినుంచి కిందికి దిగేదాకా నేనూ ఆ సంగతే ఆలోచించాను. ఇప్పుడు హైదరాబాదులో మా అపార్టుమెంటు పైకప్పు మీద నీళ్ళ ట్యాంకు గొట్టం గోడలోకి దిగే చోట సిలికాను పులిమి ఉంటే నాకూ కోపం వస్తోంది.

ఇన్ని చెప్పాను గానీ, చిమ్నీ కారడం ఆగిపోయిన మాట వాస్తవం. సీలింగు మీద మరకకి మాత్రం ఇప్పటికీ రంగు వేయనివ్వలేదు. దాని అంచు చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ రాశారు. మరక గీత దాటలేదని రుజువు కావాలి కదా! "ఇంకొక్క చలికాలం చూద్దామే" అంటారు. అక్క ఇంట్లో పెయింటు డబ్బా తెరవకుండానే గడ్డకట్టింది.

వచ్చే వేసవిలో బోస్టన్ వైపు వెళ్ళేవాళ్ళకి ఒక మనవి. బావగారు భోజనానికి పిలుస్తారు, తప్పక వెళ్ళండి. గుత్తివంకాయ చేయడంలో అక్కకి తిరుగులేదు. వడ్డనకు ముందు నిచ్చెన పట్టుకోమంటారు, ఫ్లక్సు చిందితే బట్టకి చిల్లులు పడతాయి. పాత చొక్కా వేసుకెళ్ళండి.