మెత్తటి కుర్చీ కొనకండి

వరంగల్, నల్గొండ, కరీంనగర్ దిక్కు నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి సూరత్ వచ్చిన మనవాళ్లు డిండోలిలో ఇల్లు కట్టుకోగానే అడిగే మాట ఒకటుంది: "వాకిట్లోకి ఏ కుర్చీలు తేవాలె?" నేను చెప్పేవి ఇవి.

1. మెత్తదనం చూడకండి. 12 గంటలు సాంచాల మధ్య నిలబడ్డ కాళ్లు పరుపు కుర్చీని కోరతాయి, నిజమే. కానీ అందులో కూరుకుపోయినవాడు పక్కింటాయన వస్తే జరగలేడు. పైగా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలకు స్పాంజి నీళ్లు తాగి, లోపల తడి ఆరక కంపు కొడుతుంది. గట్టి చెక్కబల్ల తెండి. చేతులు ఉండకూడదు. రెండు కుర్చీలు పట్టే జాగాలో బల్ల మీద నలుగురు సర్దుకుంటారు.

2. తేలికైనది తేకండి. ప్లాస్టిక్ కుర్చీని వాన మొదలవగానే లోపలికి తీసుకుపోతారు, వాకిలి బోసిపోతుంది. బయటే ఉంచితే ఎండకు పెళుసుబారి ఒకనాడు కాలు విరుగుతుంది. ఇనుపదైతే మధ్యాహ్నం చురుక్కుమంటుంది, తేమగాలికి తుప్పు పడుతుంది.

3. ఎవరూ ఎత్తుకుపోలేనిది కట్టించండి, అంటే అరుగు. ఇక్కడి మేస్త్రీకి "ఓట్లో" అని చెప్పండి, గుజరాతీలో అరుగు అదే. పైన కోటా బండ వేయించండి, పాలిష్ మాత్రం వద్దు, వానలో జారుతుంది. బండ పగటి వేడిని చీకటిపడ్డాక కూడా వదలదని భయపెడతారు. పొద్దుగూకాక బకెట్ నీళ్లు చల్లండి. ఆ నీళ్లు ఆరుతూ ఆరుతూ వేడిని లాగేస్తాయి. చల్లిన చప్పుడు విని గల్లీ వాళ్లూ వస్తారు.

4. వాకిట్లో మంచం వేస్తే దానికి పాలిస్టర్ నవారు వద్దు. పాలిస్టర్ నేసే ఊళ్లో ఉండి ఇదేం మాట అంటారు. మామూలు గాలిలో పాలిస్టర్ పట్టే తేమ 0.4 శాతం, నూలు పట్టేది 8 శాతం పైగా. చెమట వీపుకు ఆ తేడా తెలుస్తుంది. నూలు నవారు సాగుతుంది, మాటిమాటికీ బిగించాలి. అందుకే కొనమంటున్నాను. బిగించడానికి ఇద్దరు కావాలి, ఆ రెండో మనిషిని పక్కింటి నుంచి పిలవాలి. సాగని మంచం ఎవర్నీ పిలవనివ్వదు.

మా మంచాన్ని ఎదురింటి మరాఠీ ఆయన, నేను కలిసి బిగిస్తాం. ఆయనకు తెలుగు రాదు, నాకు మరాఠీ రాదు. ఆయన అటు కోడు మీద కాలు తన్నిపెట్టి లాగితే, నేను ఇటు పట్టుకుంటాను. పని అయ్యాక ఇద్దరం దాని మీదే కూర్చుని చాయ్ తాగుతాం.