గళ్ళనుడికట్టు స్థాపనము: టీకా తాత్పర్యసహితము

మూలము:
నెక్స్టు నెక్స్టు, ఐ అగ్రీ, నెక్స్టు, ఇన్‌స్టాలు, ఫినిషు.

అవతారిక: కర్నూలు కొండారెడ్డి బురుజు చెంత కాపురముండు విశ్రాంత తెలుగు పండితుడొకడు, ఎండకు వీధితలుపు మూసికొని, గళ్ళనుడికట్టు స్వయముగా కూర్పనెంచి, జీపీఎల్ లైసెన్సుగల ఉచిత సాఫ్ట్‌వేరును ఇంటి కంప్యూటరులోనికి దింపుకొనెను. అది తెరపై పలికిన వాక్యమే పై మూలము.

ప్రతిపదార్థము: నెక్స్టు = చదువక ముందుకు; నెక్స్టు = మరల చదువక ముందుకు. పునరుక్తి దోషము కాదు, మనుమడి సంప్రదాయము. "చదవాకు తాతా, ఊరికే నొక్కు" అని వాని సూత్రము. ఐ అగ్రీ = ఒప్పుకొంటిని; దేనికని అడుగరాదు. ఫినిషు = పని ఇప్పుడు మొదలు (విపరీతలక్షణ). తక్కినవి సుగమము.

పూర్వపక్షము: "ఐ అగ్రీ" వ్యర్థపదము. ప్రోగ్రామును పొందుటకు, నడుపుటకు ఒప్పుకోలు అక్కరలేదని 2007 నాటి జీపీఎల్ మూడవ కూర్పు తన తొమ్మిదవ సెక్షనులో తానే చెప్పినది. మార్చినప్పుడు, పంచినప్పుడు మాత్రమే అది కట్టడి చేయును.
సమాధానము: నిజమే. అయినను బొత్తాము నొక్కనిదే తరువాతి తెర రాదు.

విశేషాంశము: ఒకటవ అడ్డమునకు "కడప" కొట్టగా మూడు గళ్ళలో బుద్ధిగా కూర్చున్నది. అదే కకారమునుండి "కర్నూలు" నిలువునకు దింపగా ఏడు గళ్ళు ఆక్రమించెను: క, ర, పొల్లు, న, కొమ్ముదీర్ఘము, ల, కొమ్ము. మనకు మూడక్షరములే, యూనికోడునకు ఏడు సంకేతములు. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో తొలి గళ్ళనుడికట్టు వేసిన ఆర్థర్ విన్ గడికొక ఇంగ్లీషు అక్షరము పెట్టెను; పాపము, వత్తుల బాధ ఎరుగడు. తెలుగు సంయుక్తాక్షరమును విడగొట్టరాదను నియమము యూనికోడులోనికి వచ్చినదే 2023లో, 15.1వ కూర్పున. ఈ సాఫ్ట్‌వేరుకు ఆ కబురు చేరలేదు.

మఱియు, ఖాళీలు తానే నింపుదునను ఈ యంత్రము వెంట తెచ్చుకొన్నది ఇంగ్లీషు పదపట్టిక. తెలుగు పట్టికను వరుసకొక మాటగా మనమే రాసి పెట్టవలెను. కడప బంగళాలో పండితులకు జీతమిచ్చి తాళపత్రములకు ప్రతులు రాయించిన బ్రౌను దొర నిఘంటువు 1852 నాటిది. అందుండి ఎత్తి రాయుటకు ఇచట జీతము లేని మనుమడు గలడు.

తాత్పర్యము: ఒక గడిలో పెక్కు గుర్తులు ఇముడ్చు మీట మెనూ అడుగున దొరకినది. "ర్నూ" ఒక గడిలో ఒదిగెను, కర్నూలు మూడు గళ్ళకు దిగెను. సొంత ఊరికి నిలువు, పొరుగూరికి ఒకటవ అడ్డము ఏలయనగా, పండితుని భార్య పుట్టిల్లు కడప అని కొందఱు వ్యాఖ్యాతలు.