తేడాలు పట్టే కమిటీ

మా ఆఫీసులో చేసేది ఆసుపత్రి బిల్లుల సాఫ్ట్‌వేర్. ఒక్కో ఆసుపత్రికి ఒక్కో డేటాబేస్, అన్నీ ఎస్‌క్యూఎల్ సర్వర్ మీదే. టేబుళ్లు, కాలమ్‌లు, ఇండెక్సులు, ప్రొసీజర్లు అన్నిట్లోనూ ఒకేలా ఉండాలి. కాగితం మీద ఉంటాయి కూడా. కానీ ఒకచోట రిపోర్టు నెమ్మదించిందని రాత్రికి రాత్రి ఎవరో ఒక ఇండెక్స్ పెట్టేస్తారు. ఇంకోచోట పెద్ద డాక్టరుగారు అడిగారని ఒక కాలమ్ చేర్చేస్తారు. రాసిపెట్టే పాపాన ఎవరూ పోరు. ఆమధ్య కొత్త వెర్షన్ ఎక్కించిన రాత్రి ఒక ఆసుపత్రిలో 'ఇన్‌వాలిడ్ కాలమ్ నేమ్' అని ఎర్రక్షరాలు వచ్చాయి. తెల్లవారేదాకా డిశ్చార్జి బిల్లులు చేత్తో రాశారు.

మర్నాడు డైరెక్టరుగారు కమిటీ వేశారు. స్కీమాలను పోల్చి, తేడాలు పట్టి, సరిచేసే టూల్ ఒకటి ఎంచాలి. హైదరాబాద్ నుంచి మేము, విశాఖ ఆఫీసు నుంచి ఇద్దరు, పర్చేజ్ నుంచి ఒకాయన. అందరికీ పెద్ద దిక్కు మా డీబీఏ. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, ఎక్కువ మాట్లాడరు.

జాబితాలోకి రెడ్‌గేట్ ఎస్‌క్యూఎల్ కంపేర్, డెవార్ట్‌వారి డీబీఫోర్జ్, విజువల్ స్టూడియోతో పాటు దొరికే ఎస్‌ఎస్‌డీటీ వచ్చాయి. విశాఖవాళ్ల సిఫార్సుతో చివర్లో ఒక చిన్న కంపెనీ టూల్ కూడా చేరింది. దాని పేరెందుకులెండి. ఎవరో ఫ్లైవే, లిక్విబేస్ అన్నారు. వాటిది వేరే దారి. రెండు డేటాబేసులను పక్కపక్కన పెట్టి చూడటం కంటే, చేసే ప్రతి మార్పునూ ముందే రాసుకుని, ఏ డేటాబేస్‌లో ఏవి నడిచాయో లెక్క ఉంచడం వాటి ప్రధానమైన పని. "దానికి ముందు మనకి రాసే అలవాటు రావాలి కదా" అన్నారు పెద్దాయన. అందరూ నవ్వారు, అవి పక్కకెళ్లాయి. నన్నడిగితే ఆ చర్చ అక్కడే ఇంకో గంట సాగాల్సింది.

డెమోల్లో అన్నీ భేషుగ్గానే ఉన్నాయి. అమ్మడానికి వచ్చినవాడు తెచ్చుకున్న డేటాబేస్ వాడి మాట వినక చస్తుందా? మావి పెట్టాకే అసలు రంగు తేలింది. ఒక టూల్ వందల కొద్దీ తేడాలు కుమ్మరించింది. గుండె జారి చూస్తే సగానికి పైగా డీఫాల్ట్ కన్‌స్ట్రెయింట్ల పేర్లు. మనం పేరు పెట్టకపోతే ఎస్‌క్యూఎల్ సర్వరే చివర అక్షరాలూ అంకెలూ తగిలించి ఒక పేరు పెట్టేస్తుంది. ఆ తోక ఒక్కో డేటాబేస్‌లో ఒక్కోలా ఉంటుంది. ఆ పేర్లు పట్టించుకోవద్దని టిక్కు పెడితేగానీ గోల సద్దుమణగలేదు. ఇంకో టూల్, మధ్యలో ఉండాల్సిన కాలమ్ చివర ఉందని గుర్తుపట్టింది. దాన్ని మధ్యలోకి తేవడానికి బిల్లుల టేబులంతా కొత్త టేబుల్లోకి ఎక్కించి, పాతది పడేసి, కొత్తదానికి పాత పేరు పెట్టే స్క్రిప్టు రాసిచ్చింది. అందులో ఉన్నవి కోట్ల వరుసలు. అది నడిచినంతసేపూ కౌంటరు దగ్గర రోగి బంధువులు నిలబడాలన్నమాట.

పెద్దాయన ఇవేవీ పట్టించుకోలేదు. ఆయన పరీక్ష ఒక్కటే. ఒకేలాంటి డేటాబేసులు రెండు తీసుకుని, ఒకదాంట్లో పేషెంట్ టేబుల్‌లోని 'ఫోన్' అనే కాలమ్ పేరు 'మొబైల్' అని మార్చారు. కాలమ్ నిండా నంబర్లున్నాయి. "ఇప్పుడు రెండోదాన్ని దీనిలా చెయ్యమనండి" అన్నారు.

కొత్తగా చేరిన అమ్మాయికి అందులో కష్టమేమిటో అర్థం కాలేదు.

"టూల్‌కి కనబడేది రెండు చివర్లేనమ్మా. మధ్యలో ఏం జరిగిందో దానికెవరూ చెప్పరు. 'ఫోన్' అక్కర్లేదు కాబట్టి తీసెయ్, 'మొబైల్' కావాలి కాబట్టి చేర్చు అంటుంది. పెళ్లయి ఇంటిపేరు మారిన ఆడపిల్లని జాబితాలో ఒకసారి కొట్టేసి, ఒకసారి కొత్తగా రాసినట్టు. మనిషి ఒక్కతేనని దానికెలా తెలుస్తుంది? స్క్రిప్టు చక్కగా నడుస్తుంది, స్కీమాలు అచ్చు గుద్దినట్టు కలుస్తాయి, నంబర్లు మాత్రం ఉండవు."

పెద్ద టూల్స్ డేటా పోతుందని ముందే హెచ్చరించాయి. ఎస్‌ఎస్‌డీటీలో అయితే, డేటా పోయేలా ఉంటే పబ్లిష్‌ని ఆపేసే సెట్టింగు మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది. పైగా పేరు మార్పును దాని ప్రాజెక్టులో రీనేమ్ కమాండుతోనే చేస్తే రీఫ్యాక్టర్ లాగ్ అనే ఫైలులో గుర్తు రాసుకుంటుంది. తర్వాత కాలమ్‌ని పడెయ్యకుండా పేరొక్కటే మారుస్తుంది. మా చిన్న కంపెనీ టూల్ మాత్రం నోరెత్తలేదు. 'ఫోన్'ని పడేసి, ఖాళీ 'మొబైల్'ని చేర్చి, పని పూర్తయిందని ఆకుపచ్చ టిక్కు చూపించింది. తెర చూడముచ్చటగా ఉంది. ధర కూడా అన్నిటికంటే తక్కువ.

మార్కుల షీటు తయారైంది. ధర, వేగం, వాడకంలో సుళువు వగైరా అన్నిటికీ కలిపి 60. 'రీనేమ్ టెస్ట్' అనే కాలమ్ ఒక్కదానికే 40. పెద్దాయన మొండిపట్టు పట్టి వేయించిన మార్కులవి. చిన్న కంపెనీ టూల్‌కి అందులో సున్నా. డైరెక్టరుగారు ఆ షీటును బోర్డు పెద్దలకు నచ్చేలా రంగులు వేసి, కాస్త ముస్తాబు చేసి పర్చేజ్‌కి పంపారు. అక్కడ వాళ్ల మాక్రో మార్కులు కూడి ఫలితం తేల్చింది.

గెలిచింది చిన్న కంపెనీ టూల్.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మార్కులు మార్కులే కదండీ" అన్నారు డైరెక్టరుగారు. డిస్కౌంటు వస్తుందని మూడేళ్ల లైసెన్సు సొమ్ము ఒకేసారి కట్టేశారు.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి రెండు ఫైళ్లు పట్టుకుని పెద్దాయన దగ్గరికొచ్చింది.

"గురువుగారూ, ఫలితాల షీటులో మీ 40 మార్కుల కాలమ్ పైనుంచి కిందిదాకా ఖాళీగా ఉంది. ఏ టూల్‌కీ ఒక్క మార్కు పడలేదు."

"పడకపోవడమేంటమ్మా? నేనే వేశాను."

"వేశారండీ. మాక్రో హెడ్డింగు పేరు చూసి మార్కులు లాక్కొస్తుంది. 'రీనేమ్ టెస్ట్' కోసం వెతికింది, దొరకలేదు, ఖాళీ వదిలేసింది. 'డేటా సేఫ్టీ' అని కొత్త కాలమ్ ఒకటి కనబడింది, అది దాని జాబితాలో లేదు, తీసిపారేసింది. మార్కులన్నీ అందులోనే ఉన్నాయి."

'రీనేమ్ టెస్ట్' అంటే బోర్డువాళ్లకి అర్థం కాదని హెడ్డింగు మార్చింది డైరెక్టరుగారు. కట్టిన సొమ్ముకి వాపసు లేదు. మినిట్స్‌లో మాత్రం కమిటీ ఏకగ్రీవంగా ఎంపిక చేసిందని ఉంది.