దేంతో పోల్చి?

పెళ్ళయిన కొత్తలో ఈ వ్యాసకర్త అక్క భర్తకు పప్పుచారు వడ్డించి, "ఉప్పు సరిపోయిందాండీ?" అని అడిగింది. ఆయన ఒక గుక్క తాగి, కాసేపు ఆలోచించి, "దేంతో పోల్చి?" అన్నాడు. మర్నాడు కంచం పక్కన రెండు గిన్నెలు కనిపించాయి. ఒకదాంట్లో అసలు ఉప్పే లేదు. రెండోదాంట్లోనూ లేదు.

బావగారిది హైదరాబాద్‌లో మాస్ స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చునే ఉద్యోగం. మందు ఒంట్లోకి వెళ్ళాక ఏ ప్రోటీన్‌ను పట్టుకుంటుందో ఆరా తీయడం పని. అదెలాగని పొరపాటున అడిగారా, కోడిగుడ్డుతో మొదలుపెడతాడు. వేడికి తెల్లసొన గడ్డకట్టినట్టే కణంలోని ప్రోటీన్లూ గడ్డకడతాయి, ఒక్కోటి ఒక్కో వేడి దగ్గర. మందు చెయ్యి పట్టుకున్న ప్రోటీన్ మాత్రం చాలాసార్లు ఇంకొన్ని డిగ్రీలు ఓర్చుకుంటుంది. అందుకని కణాలను పది వాటాలు వేసి, 37 నుంచి 67 డిగ్రీల దాకా ఒక్కో వాటాను ఒక్కో మెట్టు మీద వేడిచేస్తారు. గడ్డకట్టింది అడుక్కి దిగితే, పైన మిగిలినదాన్ని ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ముక్కలు చేయించి మెషిన్‌కిస్తారు. అది ఒక్క దెబ్బకు వేల ప్రోటీన్ల లెక్క చెబుతుంది.

2014లో ఈ పద్ధతి 'సైన్స్' పత్రికలో వచ్చినప్పుడే వెమురాఫెనిబ్ గుట్టు బయటపడింది. అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కిచ్చే మందు. దాని లక్ష్యం వేరే ప్రోటీన్. అది చాలక, హీమ్ తయారీలో పనిచేసే ఫెరోకెలటేజ్‌నీ పట్టుకుంటోంది! ఆ మందు వాడేవాళ్ళ ఒళ్ళు ఎండ తగిలితే ఎందుకు మండుతుందో అక్కడో ఆధారం దొరికింది. ఈ సంగతి చెప్పేటప్పుడు బావ గొంతు తగ్గుతుంది, ఊళ్ళో పెద్దమనిషి చిన్నిల్లు గురించి చెబుతున్నట్టు.

చిక్కంతా ఆ వేల లెక్కతోనే. ఐదు వేల ప్రోటీన్లను, నూటికి ఐదు పొరపాట్లను ఒప్పుకునే 0.05 గీత పెట్టి జల్లిస్తే, మందు దేన్నీ ముట్టకపోయినా ఓ 250 పట్టుబడ్డట్టే కనిపిస్తాయి. దీనికి 1995లో బెంజమినీ, హాక్‌బర్గ్ ఒక విరుగుడు చెప్పారు. ఆ ఇద్దరి పేర్లు బావ పెళ్ళి మాటల్లోనూ ఎత్తుతాడు. మేనకోడలికి జాతకం కుదిరిందని ఇల్లంతా సంబరపడుతుంటే, "అష్టకూటాలంటే ఎనిమిది పరీక్షలు. ఒక్కోదాంట్లో నూటికి ఐదు పాళ్ళు పొరపాటు అనుకున్నా, కనీసం ఒక్కటి ఊరికే కుదిరినట్టు కనిపించే అవకాశం మూడోవంతు. సవరణ చేశారా?" అన్నాడు. పంతులుగారు దక్షిణ మాత్రం సవరించారు.

ల్యాబ్‌లో ఆయన పగవాడు కెరటిన్. చర్మం, జుట్టు, ఉన్ని రాల్చే ప్రోటీన్ అది. శాంపిల్లో పడిందంటే అసలు సరుకును మింగేస్తుంది. అత్తగారు ముచ్చటపడి అల్లిన స్వెటర్ అందుకే బీరువా దాటలేదు. "అది తొడుక్కెళితే నా డేటాలో గొర్రెలు మేస్తాయండీ" అన్నాడు. తన బట్టతలను మాత్రం ముందుజాగ్రత్త కింద లెక్కేసుకుంటాడు.

చేయి జారిన ప్రతిసారీ కొయిచి తనాకా గుర్తొస్తాడు. ఆ జపాన్ ఇంజనీరు లోహపు పొడిలో పొరపాటున గ్లిసరిన్ కలిపి, పారేస్తే దండగని దానితోనే ప్రయోగం చేశాడు. 2002లో నోబెల్ వచ్చింది. ఆ ధైర్యంతోనే బావ ఒకరోజు చారులో కాఫీ డికాక్షన్ పోసి, పారబొయ్యద్దన్నాడు. "నోబెల్ వచ్చేదాకా మీరే తాగండి" అంది అక్క.

ఇంత లెక్కల మనిషీ దసరాకు మెషిన్‌కి దండ వేస్తాడు. గ్లవ్స్ తొడుక్కుని మరీ బొట్టు పెడతాడు. "దీనికి కంట్రోల్ ఏది బావా?" అని దొరికినట్టే అడిగితే, "పూజ చెయ్యని రెండో మెషిన్ కొనిపెట్టమను, చూద్దాం" అన్నాడు.

ఆయన్ని ఆడిపోసుకుంటున్న ఈ వ్యాసకర్తకీ ఆ గాలి సోకింది. రోజూ పొద్దున్నే బరువు చూసే మిషన్ మూడుసార్లు ఎక్కడం, అన్నిట్లోకీ తక్కువ వచ్చిన అంకెను డైరీలో రాసుకోవడం. మొన్న పండక్కి వచ్చిన బావ కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు.

"మూడోసారికి వాచీ, బెల్టూ తీసేస్తే అది రెప్లికేట్ కాదు, బామ్మర్దీ."