‘నిశ్శబ్దము పాటించవలెను’ బోర్డు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పఠన మందిరపు గోడ మీద కొలువై ఉన్న ‘నిశ్శబ్దము పాటించవలెను’ బోర్డు వారి సముఖమునకు, చదువరులు చేసుకొను విన్నపము.

గ్రంథపాలకులు బదిలీల మీద వస్తారు, పోతారు. గ్రంథాలయ సంస్థల అధ్యక్షులు ప్రభుత్వాలతో పాటు మారతారు. తమరు మాత్రం మారరు. ఏ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లినా, కొత్త పుస్తకాలు ఉన్నా లేకపోయినా, తమరు ఉంటారు. అందుకే ఈ అర్జీ వాళ్లెవరికీ కాకుండా నేరుగా తమకే పెట్టుకుంటున్నాం. తమ ఆజ్ఞను ధిక్కరించాలని కాదు. చదువుకునేవాళ్ల చెవి దగ్గర కబుర్లు పెట్టుకోవడం తప్పేనని మాకూ తెలుసు. మా మనవల్లా ఒకటే. పుస్తకం చదవడానికి నిశ్శబ్దం కావాలి, నిజమే. ఏ పుస్తకం చదవాలో తేలడానికి మాత్రం ఇంకో చదువరి నోటి మాట కావాలి. ‘ఇప్పుడేం చదువుతున్నారు? ఎలా ఉంది?’ అన్న ప్రశ్నకు తమ ఏలుబడిలో చోటు లేకుండా పోయింది. దానికి కనీసం ఒక మూల కేటాయించండి అంటున్నాం.

పుస్తకం వెతుక్కోవడానికి ఏర్పాట్లు లేవా అని తమరు అడగవచ్చు. ఉన్నాయి. డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి 894.827 అని ఒక అంకె ఇచ్చారు. ఆ అంకె పుస్తకం ఏ బీరువాలో ఉందో చెబుతుంది, దాన్ని ఎందుకు తీయాలో చెప్పదు. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ నవలనే తీసుకోండి. పేరు చూస్తే ఎవరో వేటగాడి వీరగాథ అనిపిస్తుంది. పైగా పల్చటి పుస్తకం. లావుపాటి నవలల మధ్య ఇరుక్కుంటే కంటికే ఆనదు. అదే దాన్ని చదువుతున్న మనిషి ఏమంటాడు? ‘ఈనడానికి అడవిలోకి పోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన బయల్దేరతాడండీ, పొద్దుగూకే వేళ మొదలవుతుంది కథ, నేనింకా సగంలో ఉన్నాను, కింద పెట్టబుద్ధి కావడం లేదు’ అంటాడు. ఏ కేటలాగు కార్డూ చేయలేని పని ఆ ఒక్క మాట చేస్తుంది. మహీధర రామమోహనరావు ‘కొల్లాయిగట్టితేనేమి’ సంగతీ అంతే. అట్ట చూసి గాంధీ గారి మీద భక్తి పుస్తకమనుకుని పక్కన పెట్టేవాళ్లుంటారు. సహాయ నిరాకరణ రోజుల్లో గోదావరి ప్రాంతపు ఇళ్లలో, బంధువుల మధ్య రేగిన రచ్చ అందులో ఎంత ఉందో చదివిన వాళ్లు చెబితేనే తెలుస్తుంది. రంగనాథన్ గారు 1931లో అచ్చువేసిన గ్రంథాలయ సూత్రాల్లో మూడోది ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని, నాలుగోది పాఠకుడి సమయం వృథా కాకూడదని చెబుతాయి. బీరువాకు తాళం తీసిపెట్టినంత మాత్రాన ఈ రెండూ నెరవేరవు. తెలుగులో చాలా పుస్తకాలు 500, 1000 ప్రతులకు మించి అచ్చు కావు. దుకాణంలో అయిపోయిన పుస్తకానికి మిగిలిన చిరునామా తమ బీరువాయే. అది అక్కడ ఉందని ఎవరూ అనకపోతే ఉన్నా లేనట్టే.

ఇక చరిత్ర. తమరు ఈ గోడ ఎక్కకముందు గ్రంథాలయాలు ఇంత మౌనంగా లేవు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో జరిగిన తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ సభకు అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చూపు సరిగా ఆనక ఇంకొకరి చేత చదివించుకుని విన్న మనిషి ఆయన. తెలుగువారి గ్రంథాలయోద్యమానికి మొదటి అధ్యక్షపీఠం అలా చెవితో చదివినవారికే దక్కిందన్న సంగతి తమ దృష్టికి తేవడం మా విధి. అయ్యంకి వెంకటరమణయ్య గారి తరం నడిపిన పల్లె గ్రంథాలయాల్లో చదువు రానివాళ్లకు పత్రికలు పైకి చదివి వినిపించడం కూడా పనిలో భాగమే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషా నిలయం పెట్టినవాళ్లకు కావలసింది పుస్తకాల గది ఒక్కటే కాదు. తెలుగువాళ్లు కలుసుకుని తమ భాషలో మాట్లాడుకునే చోటూ కావాలి. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవలో ఎదురుగా కూర్చున్న మనిషి చేతిలోని పుస్తకం ఏమిటని అడక్కుండా రేవు దాకా ప్రయాణం చేసే తెలుగువాడు ఉంటాడని మేమైతే నమ్మం.

పత్రికల్లో సమీక్షలు వస్తున్నాయి కదా, గొప్ప పుస్తకాల జాబితాలు ఉన్నాయి కదా అని తమ తరఫున ఎవరైనా వాదించవచ్చు. సమీక్ష అప్పుడే వచ్చిన పుస్తకానికి. తమ బీరువాల్లో ఉన్నవి ఎక్కువగా పాతవి. వాటి గురించి ఎవరు రాస్తారు? జాబితాల సంగతి ఇంకో రకం. వందేళ్ల మేటి నవలలేవో చెప్పమంటే మనిషి గౌరవం కొద్దీ చెబుతాడు, చదివి ముప్పై ఏళ్లయినదీ చెబుతాడు, అసలు చదవనిదీ కలుపుతాడు. ఇప్పుడు చేతిలో ఉన్నదేమిటని అడిగితే అంత సులువుగా తప్పించుకోలేడు. ఎందుకంటే వెంటనే ‘ఎందాకా వచ్చారు?’ అన్న రెండో ప్రశ్న పడుతుంది. ‘వేయిపడగలు’ చదువుతున్నానని డంబానికి చెప్పేవాళ్లు ఉండరని అనం. ఆ రెండో ప్రశ్న దగ్గర దొరికిపోతారు, అంతే. పుస్తకం మధ్యలో ఉన్నవాడి సాక్ష్యానికి ఇంకో విలువ ఉంది. ముగింపు తెలియదు కాబట్టి తీర్పు చెప్పలేడు. మొదటి నలభై పేజీలు కష్టంగా నడిచాయని, తర్వాత పట్టు దొరికిందని మాత్రం ఆ వేడి మీద చెప్పగలడు. పూర్తిచేసినవాడు ఆ కష్టాన్ని అప్పటికే మరిచిపోయి ఉంటాడు. అదే పుస్తకాన్ని ముప్పయ్యో పేజీలో వదిలేయబోతున్న ఇంకొకరికి కావలసింది సరిగ్గా ఆ సమాచారమే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం పరీక్షల పిల్లలది. ఇవాళ తమ నీడన కూర్చున్నవాళ్లలో చాలామంది గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ ఉద్యోగానికీ చదువుకుంటున్నవాళ్లు. అద్దె గదిలో చోటు చాలక ఇక్కడికి వస్తున్నవాళ్లు. వాళ్ల ముందు నవలల కబుర్లు పెట్టమని అడిగే గుండె మాకు లేదు. ఈ విషయంలో తమరు చెప్పిందే న్యాయం. అందుకే మేం అడిగేది నోటి మాట కూడా కాదు. వరండాలో, వార్తాపత్రికల బల్ల పక్కన, ఒక నల్లబల్ల, రెండు సుద్దముక్కలు. చదువుతున్న పుస్తకం పేరు, ఎందాకా వచ్చారు, ఎలా ఉందో ఒక వాక్యం. వారానికోసారి తుడిచేయాలి, లేకపోతే అదీ జాబితా అయి కూర్చుంటుంది. సుద్దముక్క చేసే కిర్రుమన్న చప్పుడును తమరు పెద్దమనసుతో క్షమించాలి.

అలా రాయనిస్తే చవకబారు పుస్తకాల పేర్లే నిండుతాయని పండితులు భయపడతారు. పూర్వం కూడా ఇలాగే భయపడ్డారు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960ల్లో ‘జ్యోతి’ మాసపత్రికలో వచ్చింది. ఆ కాలపు సీరియల్ పేజీలను చింపి, కుట్టించి, బైండు చేసి ఇల్లిల్లూ తిప్పిన ఆడవాళ్లను చూసి పెద్దలు ముక్కు విరిచారు. ఆ చేతులు మారిన బైండు పుస్తకాలు తెలుగులో ఎంతమందికి చదివే అలవాటు చేశాయో మనకు కనిపిస్తూనే ఉంది. ఒకరికి నచ్చినది ఇంకొకరికి నాసిగా తోస్తే పక్కనే తన మాట రాస్తారు. బల్లకు అందుకు అడ్డేమీ లేదు. అందరూ ఒకే పుస్తకం వెంటపడతారన్న భయంలో కొంత నిజముంది, ఒప్పుకుంటాం. కానీ ఎవరూ ఏ పుస్తకం వెంటా పడని చోట ఆ జబ్బు గురించి ఇప్పుడే బెంగపడడం తొందరపాటు. ఎవరేం తీసుకెళ్లారో గోడకెక్కితే గుట్టు బయటపడదా అంటారేమో. ఇచ్చిపుచ్చుకునే రిజిస్టరు గ్రంథపాలకుడి సొరుగులోనే ఉండాలి, దాన్ని మేం అడగం. బల్ల మీద రాసేది రాయాలనుకున్నవాళ్లే, పేరు పెట్టకుండానైనా రాయవచ్చు.

ఖర్చు సంగతి తమకు చెప్పనక్కర్లేదు. ఆస్తిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్న జనం మేం. అందులో సుద్దముక్కకు సరిపడా మిగలకపోతే, అదీ మేమే తెచ్చుకుంటాం. తమరు చేయవలసిందల్లా వరండా వైపు కొంచెం చూసీ చూడనట్టు ఉండడమే.

ఇట్లు,
తమ కింద తలవంచుకుని కూర్చునే చదువరులు

నకలు: 1. ఎదురుగోడ మీది ‘పుస్తకములయందు వ్రాయరాదు’ బోర్డు వారికి, బల్ల పుస్తకం కిందికి రాదని గమనించవలసిందిగా. 2. వరండాలోని పాత నోటీసుబోర్డు వారికి, గత ఏడాది కాగితాలు పీకి స్థలం ఖాళీ చేయవలసిందిగా.