ఎలుగునకు అంగుళముల లెక్క

జీడిపిక్కలేరుటకు వేకువనే తోటకు బోయిన ఉద్దానపు ఆసామి, పనసచెట్టు మొదట గుర్రుమను నల్లని ఆకారమును గాంచినంతనే చేయవలసినది పరుగు కాదు. 1959 నాటి ఆయుధ చట్టపు 13వ సెక్షనును స్మరించుట. ఆత్మరక్షణకై నునుపు గొట్టపు తుపాకి గోరువానికి ఆ గొట్టము 20 అంగుళములకు తగ్గరాదనియు, పంట కాపుదలకైనచో మూతినుండి మందు కూరు తుపాకి చాలుననియు అందు సెలవిచ్చియున్నారు. తోటలో త్రిప్పుటకు అనువుగా నుండునని గొట్టమును కోయించినవాని కొరకు 6వ సెక్షను వేరుగా కాచుకొనియున్నది. మందు కూరి, దట్టించి, గురి చూచునందాక తాళుమని భల్లూకమునకు నచ్చజెప్పు పూచీని మాత్రము ఏ సెక్షనును స్వీకరింపలేదు.

2022 జూన్‌లో ఆ ఉద్దానముననే, వజ్రపుకొత్తూరు మండలపు కిడిసింగిలో ఎలుగొకటి పలువురిని గాయపరచగా, మత్తుమందు తుపాకితో దానిని పట్టిరి. పట్టుబడిన ఎలుగు కాస్తా పిమ్మట మరణించినది. ప్రాణరక్షణకై సద్భావముతో వన్యమృగమును చంపుట నేరము కాదని 1972 నాటి వన్యప్రాణి చట్టము అభయమిచ్చుచున్నది. కాని ఎంత విచిత్రము! గోళ్లతో చీల్చునంతసేపును మన పాలిటిదైన ఎలుగు, చచ్చిన మరుక్షణమున సర్కారు సొత్తగునట.

లైసెన్సు దరఖాస్తు బల్లలు మారునందాక, తోటలలో రాత్రులు మ్రోగునది ఖాళీ నూనెడబ్బా. దానిని బాదునది ఎండిన కొబ్బరిమట్ట. మట్ట పొడవెంతయో ఇంతవరకు ఎవరును కొలువలేదు.