చెప్పుల దగ్గర బాబాయి

ప్రతి పెళ్ళిలోనూ ఒక బాబాయి ఉంటాడు. అక్షింతలు వేయడానికి స్టేజీ మెట్ల దగ్గర చెప్పులు విడుస్తాడు. దిగాక అరగంట సేపు అక్కడక్కడే తచ్చాడుతుంటాడు. ఈమధ్య హిందీ సినిమాలు చూసి మనవాళ్ళు కూడా పెళ్ళికొడుకు చెప్పులు దాచి డబ్బులు గుంజుతున్నారు గానీ, బాబాయివి ఎవరూ దాచక్కర్లేదు. కళ్ళెదురుగా పెట్టేస్తే చాలు.

మా బాబాయికి చూపులో లోటేం లేదు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక మరీ పదునెక్కింది. స్టేజీ దగ్గర నుంచునే, హాలు ఆ చివర రెండో బంతి లేస్తోందని చెప్పేస్తాడు. ఇబ్బందల్లా ఆయన కంటికి చుట్టరికాలు ఎక్కువ. దారిలో ఏది పలకరించినా ఆగిపోతుంది.

పోనీ పనేమైనా తేలికా అంటే అదీ కాదు. ఆన్ ట్రీజ్‌మన్, గ్యారీ జెలేడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980లోనే ఈ కష్టాన్ని లెక్కగట్టారు. అన్నీ నల్లవై ఒక్కటి మాత్రం ఎర్రదైతే, చుట్టూ పది ఉన్నా వంద ఉన్నా ఎర్రది తనంతట తనే కంట్లో పడుతుంది. అదే రంగూ ఆకారమూ రెండూ కలిపి పోల్చుకోవాల్సి వస్తే, ఒక్కోదాన్నీ పలకరించి చూసుకోవాల్సిందే. గుంపు పెరిగినకొద్దీ ఆలస్యమూ పెరుగుతుంది. మగవాళ్ళ చెప్పుల సంగతి తెలిసిందేగా. సగం నల్లవి, సగం ముదురు గోధుమవి, అన్నిటికీ బొటనవేలి పట్టీ. బాబాయివి నల్లవి, తొమ్మిదో నంబరు, ఎడమదాని మడమ ఓ పక్కకి అరిగింది. ఇన్ని గుర్తులూ ఒకేచోట కలిసిరావాలంటే జాతకాలు కలిసినంత పని.

అందుకే గొణుక్కుంటూ వెతుకుతాడు: "నల్లవి, తొమ్మిది, మడమ అరిగింది... నల్లవి, తొమ్మిది..." చూసినవాళ్ళు నవ్వుతారు గానీ, అది చాదస్తం కాదు. తెలిసిన వస్తువును దాని పేరు పైకి అనుకుంటూ వెతికితే కాస్త తొందరగా దొరుకుతుందని 2012లో లుప్యాన్, స్వింగ్లీ అనేవాళ్ళు పరీక్ష పెట్టి మరీ చూశారు. అయితే వాళ్ళ పరీక్ష గదిలో మేనల్లుళ్ళు ఉండి ఉండరు.

"ఏం మావయ్యా, చిన్నోడికి సంబంధాలు చూస్తున్నారటగా?"

అంతే, జపం ఆగింది. "ఆఁ, తణుకు వాళ్ళొకరు వచ్చార్రా, పిల్ల బ్యాంకులో..." బాబాయి తల ఇంకా కిందకే ఉంది. కళ్ళు చెప్పుల మీదే వరసగా నడుస్తున్నాయి. ధ్యాస మాత్రం తణుకు బస్సెక్కేసింది. కట్నకానుకల ప్రస్తావన దగ్గర తన ఎడమ చెప్పునే కాలి బొటనవేలితో పక్కకి నెట్టి, దాని కింద ఏముందోనని వంగి చూశాడు. నేను పక్కనే ఉన్నాను. చెప్పబోయి ఆగాను. ఇలాంటివి రోజూ దొరకవు.

తణుకు వాళ్ళయ్యాక ఆడవాళ్ళ చెప్పులు మొదలయ్యాయి. బంగారు రంగు పట్టీలూ, మెరిసే రాళ్ళూ. అవి తనవి కావని బాబాయికి తెలుసు. తెలిసినా లాభం లేదు. ఆకారాన్ని బట్టి వెతుకుతున్నప్పుడు సంబంధం లేని రంగొకటి మధ్యలో దూరితే, దాంతో పనిలేదని ముందే తెలిసినవాడికి కూడా ఆలస్యమవుతుందని 1992లో ఒక డచ్చి శాస్త్రవేత్త చూపించాడు. "ఈ రాళ్ళవి ఎంతుంటాయే?" అని బాబాయి పిన్నిని అడగడాన్ని ఏ శాస్త్రం కిందికి తేవాలో నాకు తెలీదు.

ఆయన్ని వెనకేసుకు రావడానికి నేనే ఒకసారి ఓ కథ చెప్పి చెడ్డపని చేశాను. 2013లో అమెరికాలో 24 మంది రేడియాలజిస్టులకు ఊపిరితిత్తుల స్కాన్లిచ్చి, గడ్డలు వెతకమన్నారు. ఒక స్కాన్‌లో గొరిల్లా బొమ్మ ఇరికించారు. అది మామూలు గడ్డకు 48 రెట్లు పెద్దది. 20 మందికి కనబడలేదు. వాళ్ళలో చాలామంది కళ్ళు తిన్నగా దాని మీదనుంచే వెళ్ళాయి కూడా. అప్పట్నుంచీ బాబాయి చేతికి ఆయుధం దొరికింది. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె కనబడకపోయినా, కరెంటు బిల్లు కనబడకపోయినా ఒకటే మాట: "పెద్దపెద్ద డాక్టర్లకే గొరిల్లా ఆనలేదే, నేనెంత?"

పిన్నికి ఈ వాదనలు ఎక్కవు. ఆ పెళ్ళికి బయల్దేరేముందే రెండు చెప్పులకీ ఎర్ర రిబ్బను ముక్కలు కట్టింది. ట్రీజ్‌మన్ చదివినావిడ కూడా అంత బాగా కట్టదు. కానీ ఫంక్షన్ హాలు వాళ్ళు మెట్ల దగ్గర్నుంచి గుమ్మం దాకా ఎర్ర తివాచీ పరిచారు.

చివరికి ఎడమది దొరికింది. దొరికిందన్న ఆనందంలో వెతకడం మానేశాడు. ఇదీ రేడియాలజిస్టులకు పాత జబ్బే. ఒక గడ్డ కనబడగానే మనసు నిమ్మళిస్తుంది, రెండోది తప్పించుకుంటుంది. బాబాయి పక్కనే ఉన్న నల్లటి కుడిచెప్పులో కాలు దూర్చి, తాంబూలం సంచి అందుకుని నడిచాడు. కారులో కూర్చున్నాక పిన్ని కిందకి చూసింది.

"కుడికాలిది ఎవరిదండీ?"

"నల్లదేగా!"

మర్నాడు పెళ్ళివారి ద్వారా నంబరు సంపాదించి ఒకాయన ఫోన్ చేశాడు. ఆయన ఇంట్లో ఎర్ర రిబ్బనున్న కుడిచెప్పు ఉందట. ఈయన కూడా ఇంకో ఇంటి బాబాయే అని గొంతు వినగానే తెలిసిపోయింది. నెల తిరక్కుండా ఇంకో పెళ్ళి ఉంది, అక్కడ మార్చుకుందామనుకున్నారు. ఇద్దరూ వచ్చారు. పక్కపక్కనే కూర్చుని భోంచేశారు, తణుకు సంబంధం గురించి గంటసేపు మాట్లాడుకున్నారు, వియ్యంకుల్లా చేతులు పట్టుకుని మరీ వీడ్కోలు తీసుకున్నారు. చెప్పుల సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.